పది నిమిషాల పరీక్ష: హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో ఫంగస్ జబ్బులు



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మేడమ్ మాకు సూక్ష్మజీవశాస్త్రం చెప్పారు. పాఠ్యపుస్తకంలో బాక్టీరియాకు, వైరస్‌లకు వందల పేజీలుంటే ఫంగస్‌కు దక్కేవి కొద్ది పేజీలే. పరీక్షలో వస్తే ఒక చిన్న ప్రశ్న వచ్చేది. అందుకని మేమంతా ఆ పేజీలు తిప్పేసేవాళ్లం. మేడమ్ మాత్రం అక్కడే ఎక్కువసేపు ఆగేవారు. రోగి పక్కన నిలబడ్డప్పుడు గుర్తుకు రాని జబ్బును ఎవరూ వెతకరని, గుర్తుకు రావాలంటే ఒక్కసారైనా కళ్లారా చూసి ఉండాలని చెప్పి, ఒక్కొక్కరినీ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచేవారు. ఆవిడ పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నేను వేరే విషయం ఎంచుకోలేను.

హెచ్‌ఐవీ ఉన్నవారిని అందరికంటే ఎక్కువగా బలి తీసుకునేది క్షయ. ఈ సంగతి ఊళ్లో ఆశా కార్యకర్తకు కూడా తెలుసు, తెలియాలి కూడా. క్షయ తర్వాతి స్థానంలో ఉన్న జబ్బు పేరు చెప్పమంటే వైద్యుల్లోనే చాలామంది తడుముకుంటారు. అది క్రిప్టోకాకస్ అనే ఫంగస్ వల్ల వచ్చే మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్. 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో హెచ్‌ఐవీ ఉన్నవారిలో 1,52,000 మందికి ఈ జబ్బు వస్తే 1,12,000 మంది చనిపోయారు. ఎయిడ్స్ మరణాల్లో ఇవి 19 శాతం. దీనికి మందుంది. జబ్బు బయటపడకముందే పసిగట్టే పరీక్ష ఉంది. ఆ పరీక్షకు పట్టేది పది నిమిషాలు. ఇన్నీ ఉండి కూడా మనుషులు ఎందుకు పోతున్నారన్నదే ఈ రోజు నా ప్రశ్న.

ఎయిడ్స్ అనే పేరు పుట్టకముందే ఆ జబ్బు ఉనికిని చాటింది ఒక ఫంగస్సే. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1981 జూన్ 5న తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక వేసింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు న్యూమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియా వచ్చిందనీ, వారిలో ఇద్దరు చనిపోయారనీ అందులో ఉంది. యుద్ధానంతరం ఐరోపా అనాథాశ్రమాల్లో తిండి చాలని పసిపిల్లలకు, ఆ తర్వాత క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి వచ్చిన జబ్బు అది. నడివయసు కూడా రాని మగవాళ్లకు రావలసింది కాదు. దానికి వాడే పెంటామిడిన్ అనే మందును అట్లాంటాలోని ఆ కేంద్రమే నిల్వ ఉంచి, అడిగిన వైద్యులకు పంపేది. ఆ మందుల పంపిణీ చూసే శాండ్రా ఫోర్డ్ అనే ఉద్యోగిని, ఏ కారణమూ చూపకుండా మందు అడుగుతున్న వైద్యులు ఎక్కువవుతున్నారని గమనించి పై అధికారులకు రాసింది. రోజూ చేసే పనినే శ్రద్ధగా చేసిన ఉద్యోగిని ఆవిడ. ఈ సభలో కూర్చున్న ఫార్మసిస్టులు, స్టోర్ కీపర్లు ఆమె పేరు గుర్తుంచుకోవాలని నా కోరిక.

అప్పట్లో న్యూమోసిస్టిస్‌ను ఏకకణ పరాన్నజీవిగా లెక్కేసేవారు. అది ఫంగస్ అని జన్యు పరీక్షల ద్వారా తేలింది 1988లో. మన అదృష్టం కొద్దీ దాన్ని ఆపడానికి సెప్ట్రాన్ చాలు. సీడీ4 అనే రక్షణ కణాలు తగ్గినవారికి ఏఆర్‌టీ సెంటర్లలో, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులిచ్చే చోట, రోజూ వేసుకోమని ఇచ్చే ఆ తెల్లని గోలీ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జాంబియాలో హెచ్‌ఐవీ ఉన్న పిల్లల మీద చేసి 2004లో వెలువరించిన అధ్యయనంలో, ఈ మందు వాడిన పిల్లల్లో మరణాలు 43 శాతం తగ్గాయి. ఇంత చవకైన మందు ఇంత మేలు చేయడం వైద్యంలో అరుదు. కాబట్టి దగ్గు పెద్దగా లేకుండా నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడే హెచ్‌ఐవీ రోగి వస్తే, కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంతుందో చూసి ఊరుకోకండి. వరండాలో ఒకసారి నడిపించి మళ్లీ చూడండి. ఆక్సిజన్ పడిపోతే ఈ న్యుమోనియాను అనుమానించాలి.

మన దేశంలో హెచ్‌ఐవీ ఆచూకీ తీసిందీ సూక్ష్మజీవశాస్త్రం వాళ్లే. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలొమన్ మార్గదర్శకత్వంలో, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల సేకరించిన రక్త నమూనాలు వెల్లూరులో పరీక్షిస్తే తొలి కేసులు బయటపడ్డాయి. అలాంటి జబ్బు మన దేశానికి రాదని పెద్దపెద్దవాళ్లు నమ్మకంగా చెబుతున్న రోజులవి. తర్వాతి పదేళ్లలో ఆ నమ్మకానికి మూల్యం చెల్లించిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2021 జాతీయ అంచనాల్లో దేశంలో 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుంటే ఆంధ్రప్రదేశ్‌లోనే 3.2 లక్షల మంది ఉన్నారు. మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే. తెలంగాణలో మరో లక్షన్నర పైమాటే.

ఫంగస్ అనగానే మన ప్రజలకు 2021 గుర్తొస్తుంది. కరోనా రెండో అలలో బ్లాక్ ఫంగస్ వచ్చినవారితో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయింది. తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం కుటుంబాలు ఊళ్లు పట్టుకు తిరిగాయి. అంత భయంకరమైన బ్లాక్ ఫంగస్ హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రం అంతగా రాదు. దాన్ని అడ్డుకునేవి ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్లు వాటిని పనికిరాకుండా చేస్తాయి. హెచ్‌ఐవీ దెబ్బ తీసేది సీడీ4 కణాలను. నోటి పొరలో కాండిడా అనే ఫంగస్‌ను అదుపులో ఉంచేవి, ఊపిరితిత్తుల్లో క్రిప్టోకాకస్‌ను మింగిన కణాలకు దాన్ని చంపమని సంకేతం ఇచ్చేవి అవే. ఏ కాపలా తగ్గిందో దాన్నిబట్టి ఏ ఫంగస్ వస్తుందో చెప్పవచ్చు. విద్యార్థులు పేర్లు బట్టీ పట్టేకన్నా ఈ లెక్క అర్థం చేసుకుంటే మంచిది. లోకంలో లక్షల రకాల ఫంగస్‌లుంటే మనిషికి జబ్బు చేసేవి కొన్ని వందలే. మన ఒంటి వేడి చాలావాటికి సరిపడదు. ఆ వేడిని తట్టుకున్న కొద్దిపాటివాటిని ఆపేది ఈ తెల్లకణాలే.

ఇక నోటి సంగతి. హెచ్‌ఐవీ ముదురుతోందని ఒళ్లు మొట్టమొదట చెప్పేది చాలాసార్లు నోటితోనే. నాలుక మీద, బుగ్గల లోపల, అంగిట్లో తెల్లటి పెచ్చులు కడతాయి. చెక్కపుల్లతో గీస్తే ఊడొస్తాయి, కింద పొర ఎర్రగా ఉంటుంది. మన ఇళ్లలో దీన్ని వేడి చేసిందంటారు. మజ్జిగ తాగమంటారు, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే బీ కాంప్లెక్స్ గోలీలిస్తాడు. కొన్నాళ్లకు ముద్ద దిగడం లేదని, నీళ్లు మింగినా రొమ్ము వెనక మండుతోందని వస్తారు. అంటే కాండిడా అన్నవాహికలోకి పాకిందన్నమాట. అప్పటికి మనిషి సగమైపోయి ఉంటాడు. షుగర్ లేదు, స్టెరాయిడ్ వాడలేదు, పెద్ద యాంటీబయాటిక్ కోర్సు ఏదీ నడవలేదు, అయినా పెద్దవారికి ఇలాంటి నోటిపూత వచ్చిందంటే హెచ్‌ఐవీ పరీక్ష రాయడానికి ఇంకే కారణమూ అక్కర్లేదు. పళ్ల డాక్టర్లు ఈ విషయంలో మా అందరికన్నా ముందుంటారు. నోరు తెరిపించి టార్చి వేసి చూసే అలవాటు వాళ్లకుంది.

ఈ నోటిపూతకు వేసే నిస్టాటిన్ చుక్కల వెనక ఇద్దరు స్త్రీలున్నారు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో సూక్ష్మజీవులను పెంచేది. రేచల్ బ్రౌన్ ఆల్బనీలో రసాయన శాస్త్రవేత్త. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉద్యోగులే. హేజెన్ రకరకాల చోట్ల నుంచి మట్టి తెచ్చి, అందులో ఫంగస్‌ను చంపే సూక్ష్మజీవులు దొరికితే సీసాల్లో పెట్టి పోస్టులో పంపేది. బ్రౌన్ అందులోంచి మందు పదార్థాన్ని వేరుచేసి మళ్లీ పోస్టులోనే వెనక్కి పంపేది. వాటిలో మనిషికి హాని చేయకుండా ఫంగస్‌ను చంపేదాన్ని 1950లో లోకానికి ప్రకటించారు. వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పొలంలోని మట్టిలో దొరికింది అది. దాని మీద వచ్చిన రాయల్టీ కోటీ ముప్పై లక్షల డాలర్లు దాటింది. ఇద్దరూ చిల్లిగవ్వ తీసుకోలేదు, మొత్తం పరిశోధనలకే ఇచ్చేశారు. మేడమ్‌కు వీళ్లంటే ఎంత గౌరవమో ఆవిడ దగ్గర చదివినవారందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్రిప్టోకాకస్ మన చుట్టూ ఉండే ఫంగస్. పావురాల రెట్టలో, మట్టిలో ఉంటుంది. గాలితో పాటు మనందరి ఊపిరితిత్తుల్లోకీ వెళుతూనే ఉంటుంది, మనకేమీ కాదు. సీడీ4 కణాలు 100 కన్నా తగ్గిన మనిషిలో అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడు పొరల్లోకి చేరుతుంది. బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌లా ఒక్క పూటలో ముంచుకు రాదు. మొదట తలనొప్పి. రెండు వారాలు, మూడు వారాలు అదే తలనొప్పి, రోజురోజుకూ పెరుగుతూ. జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మెడ పట్టేయాలనే నియమమూ లేదు. చూపు రెండుగా కనిపిస్తుంది, వాంతులవుతాయి. ఆ తర్వాత మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతారు, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టరు.

మా పెద్దాసుపత్రికి వచ్చేలోపు అలాంటి రోగి ఎన్ని గడపలు తొక్కి ఉంటాడో వింటే బాధేస్తుంది. ఒకచోట పార్శ్వపు నొప్పి అన్నారు. ఇంకోచోట సైనస్ అని ఎక్స్‌రే తీశారు. కళ్లద్దాలు మార్పించుకున్నారు. మాట తడబడేసరికి గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. స్కానింగ్ తీస్తే చాలాసార్లు ఏమీ కనపడదు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇన్ని చోట్లలో ఒక్కచోటైనా, గతంలో ఏఆర్‌టీ మందులు వాడారా అని చెవిలో మెల్లగా అడిగి ఉంటే దారి మారేది. నలుగురి ముందు అడిగితే చెప్పరు. భార్యకు తెలియని భర్తలున్నారు, అత్తింటివారికి తెలియని కోడళ్లున్నారు. మందుల డబ్బా మీది కాగితం గీకేసి గాని ఇంటికి తీసుకెళ్లరు. సంచిలో గోలీలు చప్పుడు చేస్తాయని డబ్బాలో దూది కుక్కుకుంటారు. అలాంటి మనిషి ఓపీ క్యూలో నిలబడి నిజం చెబుతాడని ఆశించకూడదు. పక్కకు తీసుకెళ్లి అడగాలి.

తర్వాత అడ్డు వెన్ను సూది. జబ్బు తేల్చడానికి వెన్నులోంచి నీరు తీయాలంటే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. వెన్నుపూసలో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయట, మా ఊళ్లో ఒకాయనకు అలాగే అయింది అంటారు. ఆ ఊరాయనకు కాళ్లు పడిపోయింది సూది వల్ల కాదు, అప్పటికే ముదిరిన జబ్బు వల్ల. సూది వేసేది వెన్నుపాము ముగిసిన చోటుకు కింద అని వీపు మీద వేలు పెట్టి చూపించి, ఓపిగ్గా చెబితే ఒప్పుకుంటారు. దీనికి పది నిమిషాలు కేటాయించలేని పీజీ విద్యార్థి ఆ రోజు ఇంకెన్ని పనులు చేసినా లాభం లేదు.

ఆ నీరు తీశాక జరిగే పొరపాటు ఒకటుంది. క్రిప్టోకాకస్ వచ్చిన హెచ్‌ఐవీ రోగి వెన్ను నీరు తేటగా ఉంటుంది. ఒంట్లో పోరాడే శక్తి లేదు కాబట్టి తెల్లకణాలు పెద్దగా ఉండవు. ప్రొటీను, చక్కెర దాదాపు మామూలుగానే ఉండొచ్చు. రిపోర్టు చూసి ఏమీ లేదనుకుంటారు, లేదా క్షయ మెనింజైటిస్ అయి ఉంటుందని ఆ మందులు, వాటితో స్టెరాయిడ్ మొదలుపెడతారు. వియత్నాం, థాయ్‌లాండ్, ఇండోనేషియా, లావోస్, మలావీ, ఉగాండాల్లో చేసి 2016లో వెలువరించిన అధ్యయనం ఈ విషయం తేల్చేసింది. క్రిప్టోకాకస్ మెనింజైటిస్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కోలుకోవడం మందగించింది, వైకల్యాలు పెరిగాయి. మధ్యలోనే ఆ అధ్యయనం ఆపేయాల్సి వచ్చింది. కాబట్టి ఊహించి వైద్యం చేసే జబ్బు కాదిది, చూసి చేయాల్సిన జబ్బు.

చూడడం కష్టమూ కాదు. వెన్ను నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున మిగిలిన దాంట్లోంచి ఒక చుక్క గాజు పలక మీద వేయాలి. పక్కనే ఒక చుక్క ఇండియన్ ఇంకు లేదా నిగ్రోసిన్. రెండూ కలిపి కవర్ స్లిప్ వేసి మైక్రోస్కోపు కింద పెడితే ముందు అంతా నలుపే. నెమ్మదిగా ఫోకస్ తిప్పుతుంటే ఆ నలుపులో గుండ్రటి కణాలు, ఒక్కొక్క కణం చుట్టూ వెలుగు వలయం, చందమామ చుట్టూ వరదగుడి కట్టినట్టు. సిరా రంగు చొరబడలేని చక్కెర పొర అది. దాన్ని కప్పుకునే ఆ ఫంగస్ మన రక్షణ కణాలకు చిక్కకుండా తిరుగుతుంది. కొన్ని కణాలకు పక్కన చిన్న మొగ్గ పుట్టుకొస్తూ కనిపిస్తుంది. తెల్లకణాన్ని చూసి క్రిప్టోకాకస్ అని పొరబడకుండా కాపాడేవి ఆ మొగ్గ, ఆ వలయం. ఒకసారి చూసినవారు మరిచిపోరు. మేడమ్ మమ్మల్ని వరుసలో నిలబెట్టి చూపించింది ఇదే.

సూదితో పని అక్కడితో అయిపోలేదు. ఈ జబ్బులో ఫంగస్ కణాలు, వాటి చక్కెర పొర వెన్ను నీరు బయటికి ఇంకే దారుల్ని మూసేస్తాయి. తలలో ఒత్తిడి పెరిగిపోతుంది. చూపు పోయేదీ, ప్రాణం పోయేదీ చాలాసార్లు ఆ ఒత్తిడి వల్లే. సూది వేయగానే ఒత్తిడి కొలవాలి. మానోమీటర్ లేదని కొలవకుండా వదిలేయకండి. సెలైన్ ఎక్కించే గొట్టాన్నే శుభ్రంగా సూదికి తగిలించి నిలువుగా పట్టుకుంటే నీరు పైకి పాకుతుంది. టేపు పెట్టి కొలవడమే. 20 సెంటీమీటర్ల లోపుంటే సరే, 25 దాటితే నీరు తీసి సగానికి దించాలి. అవసరమైతే రోజూ తీయాలి. నీరు తీసిన గంటలోనే తలపట్టు వదిలి కళ్లు తెరిచిన మనుషులను చూశాను. మొదటిరోజు సంతకం పెట్టనన్న బంధువులే మర్నాడు వచ్చి, సార్, ఆ నీళ్లు ఇంకోసారి తీయండి అని అడుగుతారు.

మందుల సంగతి. ఆంఫోటెరిసిన్ 1950ల్లో వెనిజులాలోని ఓరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. పసుపుపచ్చని మందు. డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, ఉప్పునీటి సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది. పాత రకం మందు ఎక్కుతుంటే చలి, వణుకు, జ్వరం. కిడ్నీలు దెబ్బతింటాయి, పొటాషియం పడిపోతుంది. రెండు వారాల పాటు రోజూ ఎక్కించి, రోజు మార్చి రోజు రక్తపరీక్షలు చేయగలిగిన వార్డులెన్ని? అందుకే 2022లో వెలువడిన ఆంబిషన్ అధ్యయనం నాకు ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద శుభవార్త. బోట్స్‌వానా, మలావీ, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే వైద్యులు ఎనిమిది వందల మందికి పైగా రోగులతో చేశారు. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఒకే ఒక్కసారి, కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించి, దాంతో పాటు రెండు వారాలు ఫ్లూసైటోసిన్, ఫ్లుకోనజోల్ గోలీలు ఇచ్చారు. పది వారాలకు వీరిలో 24.8 శాతం మంది చనిపోతే, వారం రోజులు పాత మందు ఎక్కించినవారిలో 28.7 శాతం మంది చనిపోయారు. ప్రాణాలు నిలబెట్టడంలో ఏమాత్రం తీసిపోలేదు, దుష్ప్రభావాలు బాగా తగ్గాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతినే సిఫారసు చేసింది. బీద దేశాల వైద్యులు, నర్సులు, రోగులు కలిసి సంపాదించిన జ్ఞానమిది.

ఇందులో చిక్కంతా ఫ్లూసైటోసిన్‌తోనే. 1957లో క్యాన్సర్ కోసం తయారుచేసిన మందు అది. పేటెంట్ ఎప్పుడో పోయింది. కొనేవాళ్లు బీదవాళ్లు, సరుకు తక్కువ, లాభం లేదు, కాబట్టి చాలా దేశాల్లో ఆస్పత్రి అరల్లో ఉండదు. మన దేశంలోనూ చాలాకాలం దొరకడమే గగనమైంది. అది లేక ఒక్క ఫ్లుకోనజోల్‌తోనే నెట్టుకొస్తే సగానికి పైగా రోగులు దక్కరు. అర్ధ శతాబ్దం దాటిన మందు లేక ఈ రోజుల్లో ప్రాణం పోవడం నాకు మింగుడు పడని విషయం.

ఆ ఫ్లుకోనజోల్ కథ కూడా చెప్పాలి. ఇప్పుడు తామరకు కూడా మందుల షాపులో అడిగి కొనుక్కునే గోలీ అది. 2000లో దక్షిణాఫ్రికాలో పేటెంట్ కారణంగా సామాన్యుడికి అందని ధర. క్రిస్టఫర్ మొరాకా అనే ఉద్యమకారుడు మందుల ధరల గురించి ఆ దేశ పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పి, ఆ ఏడు జూలైలో కాండిడా జబ్బుతోనే చనిపోయాడు. అక్టోబరులో అదే ఉద్యమానికి చెందిన జాకీ అక్మత్ థాయ్‌లాండ్ వెళ్లి, పదో వంతు కన్నా తక్కువ ధరకు అదే మందు కొని, చట్టాన్ని ధిక్కరించి బహిరంగంగా దేశంలోకి తెచ్చాడు. ఆ రోజుల్లోనే మందుల ధరల మీద ప్రపంచమంతా గొంతెత్తింది. 2001లో సిప్లా మందుల కంపెనీకి చెందిన యూసుఫ్ హమీద్ ఏఆర్‌టీ మందులను రోజుకు డాలరు లోపు ఖర్చుతో ఇస్తానన్నారు. హైదరాబాద్‌లోని హెటెరో, అరబిందో వంటి కంపెనీలు తయారుచేసిన మందులు ఆఫ్రికా దేశాల ఊరూరికీ చేరాయి. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గోలీలు చేసే నగరంలో, ఆ గోలీలు వేసుకునే మనిషికి తలనొప్పి వస్తే సరైన పరీక్ష దొరకాలని కోరడం అత్యాశ కాదు.

ఆ పరీక్ష గురించి ఇప్పుడు చెబుతాను. క్రిప్టోకాకస్ కప్పుకున్న చక్కెర పొర ముక్కలు రక్తంలోకి రాలుతుంటాయి, తలనొప్పి మొదలవడానికి కొన్ని వారాల ముందు నుంచే. వాటిని పట్టే కాగితపు పట్టీ 2011 నుంచి ఉంది. రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క, ద్రావకం ఒక చుక్క, పట్టీ ముంచి పది నిమిషాలు ఆగితే ఒక గీతా రెండు గీతలా అన్నది తేలిపోతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. సీడీ4 100 లోపున్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలనీ, 200 లోపున్నవారికీ చేస్తే మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాజిటివ్ వస్తే ఏ బాధా లేకపోయినా వెన్ను నీరు పరీక్షించాలి. మెదడుకు పాకలేదని తేలితే ఎక్కువ మోతాదు ఫ్లుకోనజోల్‌తో మొదలుపెట్టి క్రమంగా తగ్గిస్తూ కొనసాగిస్తే చాలు. టాంజానియా, జాంబియాల్లో ఈ పరీక్షకు తోడు, మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలూ ఆరోగ్య కార్యకర్తలు రోగుల ఇళ్లకు వెళ్లి చూసుకుంటే మరణాలు 28 శాతం తగ్గాయి. పట్టీ ఎంత అవసరమో ఇంటికి వెళ్లిన ఆ మనిషి కూడా అంతే అవసరం.

మరి సీడీ4 ఎంతో తెలియకపోతే ఈ పట్టీ ఎవరికి వాడాలి? ఇక్కడే మన వ్యవస్థ జారింది. ఒకప్పుడు సీడీ4 తగ్గితేనే ఏఆర్‌టీ మందులిచ్చేవారు కాబట్టి అందరికీ ఆ పరీక్ష చేసేవారు. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ వెంటనే మందులు ఇస్తున్నారు. గొప్ప నిర్ణయం, లక్షల మందికి మేలు చేసింది. వైరల్ లోడ్ పరీక్ష వచ్చాక సీడీ4 ఇక ఎందుకులే అన్న ధోరణి మాత్రం ప్రపంచమంతటా పాకింది. మందులు పనిచేస్తున్నాయో లేదో వైరల్ లోడ్ చెబుతుంది. ఈ మనిషి ఈ నెలలో ప్రమాదంలో ఉన్నాడో లేదో చెప్పేది సీడీ4. ఒకటి ఉందని రెండోది మానేయడం సరికాదు. మనిషి బాగానే ఉన్నాడని కంటితో చూసి చెప్పేయడం కూడా కుదరదు. సీడీ4 యాభై ఉన్నవాడు నడిచి వచ్చి క్యూలో నిలబడతాడు.

ఆఫ్రికా ఆస్పత్రుల్లో ఈ మెనింజైటిస్‌తో చేరుతున్నవారిలో సగానికి పైగా కొత్తవారు కాదు, ఇదివరకే ఏఆర్‌టీ మొదలుపెట్టినవారు. మనదగ్గరా వార్డులో కనిపించేది అదే. మిరపకోతలకని, ఇటుక బట్టీలకని, హైదరాబాద్‌లో భవన నిర్మాణానికని వలస వెళతారు. అక్కడ సెంటర్ మార్చుకోవాలంటే కాగితాలు కావాలి, కూలి పోతుంది, పక్కవాళ్లకు తెలుస్తుంది. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఒక నెల, రెండు నెలలు, చివరికి మొత్తంగా మానేస్తారు. ఏడాదికో రెండేళ్లకో బరువు తగ్గి తిరిగొస్తే మనం చేసేదేమిటి? ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని నలుగురిలో గద్దిస్తాం, మళ్లీ డబ్బా చేతిలో పెట్టి పంపుతాం. మెదడులో ఫంగస్ దాగున్న మనిషికి పరీక్ష చేయకుండా ఏఆర్‌టీ ఇస్తే, కోలుకుంటున్న రక్షణ కణాలు ఒక్కసారిగా ఆ ఫంగస్ మీద విరుచుకుపడి మెదడులో వాపు తెస్తాయి. మెనింజైటిస్ ఉన్నవారికి ఏఆర్‌టీని నాలుగు నుంచి ఆరు వారాలు ఆపి మొదలుపెడితేనే ఎక్కువమంది బతుకుతారని ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో చేసిన అధ్యయనం 2014లో రుజువు చేసింది. ఇక గద్దింపు భయంతో రోగి నెల ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యమే ప్రాణాంతకం కావచ్చు. తిరిగొచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, తర్వాత సీడీ4కు రక్తం తీయండి.

ప్రయాణాల సంగతి కూడా అడగాలి. మణిపూర్‌లో, మరికొన్ని ఈశాన్య ప్రాంతాల్లో టాలరోమైసిస్ అనే ఫంగస్ ఉంది. వియత్నాంలో 1956లో వెదురు ఎలుకలో మొదట దొరికింది. ముఖం మీద మధ్యలో గుంట పడ్డ పొక్కులు, జ్వరం, రక్తహీనత, వాచిన కాలేయంతో వస్తుంది. గంగా మైదానంలో హిస్టోప్లాస్మా ఉంది, అచ్చం క్షయలాగే కనిపిస్తుంది. ఆ ప్రాంతాల్లో ఉద్యోగం చేసి వచ్చిన మన జవానుకో, లారీ డ్రైవరుకో క్షయ మందులు పనిచేయడం లేదంటే ఎముక మజ్జ పరీక్షలో ఫంగస్ కోసం వెతకమని ల్యాబ్‌కు చీటీ మీద రాయండి. రాయకపోతే వాళ్లు వెతకరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో మొదటిసారి ప్రమాదకర ఫంగస్‌ల జాబితా వేసింది. క్రిప్టోకాకస్ అందులో అత్యంత కీలక వర్గంలో ఉంది. మనుషులకు వచ్చే ఏ ఫంగస్ జబ్బుకూ ఇప్పటివరకు టీకా లేదు. కాబట్టి చేతిలో ఉన్న పరీక్షలనే వాడుకోవాలి.

ఈ సభలో ఏఆర్‌టీ సెంటర్లలో, పెద్దాసుపత్రుల్లో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. మీకు నా విన్నపం ఇది. రేపు డ్యూటీకి వెళ్లగానే మీ స్టోర్‌లో క్రిప్టోకాకస్ పట్టీలు, ఫ్లూసైటోసిన్, లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఇండెంట్ రాయండి, రాకపోతే మళ్లీ రాయండి, ఆ కాగితం కాపీ దాచుకోండి. ప్రభుత్వంలో నిర్ణయాలు తీసుకునే పెద్దలను కోరేది, ఈ మూడింటినీ ప్రతి జిల్లా ఆస్పత్రిలో అత్యవసర మందుల పట్టికలో చేర్చమని. హెచ్‌ఐవీతో జీవిస్తూ ఈ మాటలు వింటున్న, చదువుతున్న అన్నలకు, అక్కలకు చెప్పేది ఒక్కటే. మందులు మానేసి ఎన్నాళ్లయినా సరే, సెంటర్ తలుపు మీకు మూసి లేదు. సందేహం ఉంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. వారం దాటిన తలనొప్పి ఉంటే మాత్రం ఫోన్‌తో సరిపెట్టుకోకండి, ఆ రోజే ఆస్పత్రికి వచ్చి, మీరు ఏఆర్‌టీ మందులు వాడుతున్నారని లేదా మానేశారని డాక్టరుకు చెప్పి, సీడీ4, క్రిప్టోకాకస్ పరీక్షలు చేయమని అడగండి.